డాగ్ బోర్డింగ్, డేకేర్‌లకు కనీస నిబంధనలు: వినతిపత్రంలో ఏమేం రాయాలి?

#1 మియాపూర్_మనిషి
మా కాలనీ సంఘాలన్నీ కలిసి రాష్ట్ర జంతు సంక్షేమ మండలికీ, కార్పొరేషన్‌కీ ఒక వినతిపత్రం రాస్తున్నాం. డబ్బు తీసుకుని కుక్కల్ని ఉంచుకునే బోర్డింగులు, పగటిపూట మాత్రం చూసుకునే డేకేర్లు వీధికొకటి వచ్చాయి. సంక్రాంతి, దసరా, వేసవి సెలవులు వస్తే మామూలు ఇళ్లలో కూడా ముప్పయ్యేసి కుక్కల్ని కుక్కేస్తున్నారు. అడిగితే చూపించేది ట్రేడ్ లైసెన్సు. అది టైలర్ షాపుకీ ఇస్తారు, దీనికీ ఇస్తారు. రాత్రి లోపల మనిషి ఉంటాడా, జబ్బు చేసిన కుక్కను ఎక్కడ పెడతారు, కరెంటు పోతే ఏం చేస్తారు, ఇవేవీ ఎవరూ అడగరు.

"మూగజీవాలను దయతో చూడాలి" అని రాసిస్తే ఫైల్లో పడుంటుంది. అధికారి వచ్చి టేపు పెట్టి కొలిచి, థర్మామీటర్ చూసి, రిజిస్టర్ తెరిచి తేల్చుకోగలిగే షరతులు కావాలి. ఈ పని తెలిసినవాళ్లు తలా ఒక ముక్క చెప్పండి. మొదటి ప్రశ్న: అసలు దీనికంటూ చట్టం ఉందా?

#2 లా_పాయింట్
సగం ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 2017లో కుక్కల పెంపకం, అమ్మకాల నియమాలు వచ్చాయి. అందులో "బ్రీడర్" (కుక్కల్ని పెంచి అమ్మేవాడు) నిర్వచనంలోనే బోర్డింగ్ కెన్నెల్, అంటే కుక్కల వసతి, నడిపేవాళ్లనూ కలిపారు. అంటే రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్టర్ కావాల్సిందే. కానీ లోపల షరతులన్నీ కుక్కపిల్లల్ని తీసి అమ్మేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఎనిమిది వారాల్లోపు పిల్లను అమ్మకూడదు, ఎన్ని ఈతలు తీయొచ్చు, అలాంటివి. పదిమంది ఇళ్ల కుక్కలు ఒకచోట కలిస్తే వచ్చే ప్రమాదాల గురించి చెప్పింది తక్కువ. 2018 పెట్ షాప్ నియమాలు అమ్మే దుకాణాలకే.

శిక్ష సంగతి: 1960 చట్టం 11వ సెక్షన్ కింద మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌లో జంతువును చంపినా, అంగవైకల్యం కలిగించినా ఐదేళ్ల వరకు జైలు ఉంది. అయితే అక్కడ కావాలని చేశారనో, జరుగుతుందని తెలిసే చేశారనో రుజువు కావాలి. ఒట్టి నిర్లక్ష్యానికి అది అతకదు. బోర్డింగుల్లో జరిగేది దాదాపు అంతా నిర్లక్ష్యమే.

#3 గోదారి_గట్టు
యాభై రూపాయలంటే ఆ కుక్క ఒక పూట తిండికి కూడా చాలదు. రిజిస్ట్రేషన్ రద్దు అనే మాట మొదటి పేజీలోనే రాయండి. వాళ్లు భయపడేది దానికొక్కదానికే.

#4 లీడ్స్_నుంచి
ఇంగ్లండ్‌లో ఇది 2018 అక్టోబర్ 1 నుంచి గట్టిగా నడుస్తోంది. లైసెన్సు ఇచ్చేది స్థానిక కౌన్సిల్. కెన్నెల్, ఇంట్లో పెట్టుకునే హోమ్ బోర్డింగ్, డేకేర్, మూడింటికీ వేర్వేరు షరతుల పట్టికలు. తనిఖీ తర్వాత ఒకటి నుంచి ఐదు దాకా స్టార్లు ఇస్తారు. స్టార్లనూ, రిస్కునూ బట్టి లైసెన్సు ఒకటి, రెండు, మూడేళ్లకు వస్తుంది. బాగా నడిపేవాడికి మూడేళ్లదాకా మళ్లీ తిరిగే పని ఉండదు కాబట్టి బాగా నడపడం వాడికే లాభం.

మీకు పనికొచ్చే అంకెలు: డేకేర్‌లో ఒక్కో కుక్కకు కనీసం 6 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో సుమారు 65 చదరపు అడుగులు. పది కుక్కలకు ఒక మనిషి. కెన్నెల్‌లో పడుకునే చోట వేడి 10 డిగ్రీలకు తగ్గకూడదు, 26 దాటకూడదు. రికార్డులు మూడేళ్లు దాచాలి.

#5 కెన్నెల్_కాపు
శామీర్‌పేట వైపు ఈ పనిలో ఉన్నవాళ్ల తరఫున మాట్లాడుతున్నా. 65 చదరపు అడుగులంటే ముప్పై కుక్కలకు దాదాపు 2000 అడుగులు. ఊరి బయట ఫామ్‌లో అది సమస్యే కాదు, మాదాపూర్‌లో అద్దె కట్టి ఎవడూ నడపలేడు. 26 డిగ్రీలు మే నెలలో మన దగ్గర ఏసీ లేకుండా అసాధ్యం. ఏసీ పెడితే రోజుకు కుక్కకు 700 తీసుకునేవాడు 1200 తీసుకోవాలి. అప్పుడు జనం ఏ లైసెన్సూ లేని పక్కింటికి పోతారు. అక్కడి అంకెలు ఇక్కడ అచ్చు దించకండి.

#6 మియాపూర్_మనిషి
@కెన్నెల్_కాపు అందుకే మీలాంటివాళ్లే చెప్పాలి. వేడికి ఇక్కడ పనిచేసే అంకె ఎంత?

#7 పశువైద్యం_పక్కా
ఒక్క అంకెతో తేలదు. ముందు వేడి ఎలా చంపుతుందో చూడండి. కుక్క చెమటతో చల్లబడదు, రొప్పుతూ నాలుక మీద తడి ఆరడం వల్ల చల్లబడుతుంది. గాల్లో తేమ ఎక్కువైతే ఆ తడి ఆరదు. అందుకే కిటికీలు మూసిన గదిలో కూలర్ పెట్టడం మేలు కన్నా కీడు ఎక్కువ. థర్మామీటర్ 32 చూపిస్తుంది, కుక్క మాత్రం ఉడికిపోతుంటుంది. కూలర్ ఉంటే ఎదురుగా గాలి బయటికి పోయే దారి ఉండాలి.

కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీలు. 41 దాటితే వడదెబ్బ. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కువాటికి గాలి గొట్టమే ఇరుకు, మిగతావి తట్టుకున్న వేడికి అవి పడిపోతాయి. నేను రాస్తే ఇలా రాస్తా: పడుకునే చోట, నేల నుంచి ఒక అడుగు ఎత్తులో, కుక్క ముక్కు ఉండే చోట థర్మామీటర్. రోజుకు మూడుసార్లు, ముఖ్యంగా మధ్యాహ్నం 3కి, రిజిస్టర్‌లో రాయాలి. 30 దాటితే ఫ్యాన్లు వేయాలి, నేల తడపాలి, ఆటలు ఆపాలి. చప్పిడి ముక్కువాటిని ఏసీ గది ఉంటేనే తీసుకోవాలి. మేడ మీద రేకుల షెడ్డు కింద ఏ కుక్కనూ పెట్టకూడదు. బయట 40 ఉంటే రేకుల కింద అంతకు మించుతుంది.

పడిపోయిన కుక్కకు ముందు చల్లబరచడం, తర్వాత బండి ఎక్కించడం. ఒళ్లంతా మామూలు కుళాయి నీళ్లు పోసి ఫ్యాన్ కింద పెట్టాలి. తడి తువ్వాలు కప్పి వదిలేయకూడదు, అది వేడిని లోపలే పట్టేస్తుంది. 39.5కి దిగగానే ఆపాలి, లేకపోతే మరీ చల్లబడిపోతుంది. లేచి తిరుగుతోంది కదా అని ఆసుపత్రి మానకూడదు, కిడ్నీలు, రక్తం గడ్డకట్టే వ్యవస్థ దెబ్బతిన్న సంగతి ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది.

#8 వైర్‌మ్యాన్
కూలర్ మాట వచ్చింది కాబట్టి. ఇనుప బాడీ కూలర్, తడి నేల, ఎర్తింగ్ లేని పాత ఇల్లు. మనిషికి చెప్పులుంటాయి, కుక్కకు నాలుగు తడి కాళ్లు. షరతుల్లో ఇవి రాయించండి:

30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి, నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి తేదీ రాయాలి. కుక్కలు తిరిగే గదుల్లో ప్లగ్గులు నాలుగడుగుల పైన. వైరు ఏదైనా పైపులో పోవాలి, నేల మీద ఎక్స్‌టెన్షన్ బాక్సు కనపడితే అదొక్కటి చాలు నోటీసివ్వడానికి. కుర్రకుక్కలు నమిలే మొదటి వస్తువు అదే. ఇన్వర్టర్ బ్యాటరీలు కుక్కల గదిలో ఉండకూడదు. ఏసీకి విడిగా ఎంసీబీ (లోడు మించితే పడిపోయే స్విచ్).

ఇంకొకటి, ఏసీ గది అంటే మూసిన గది. రాత్రి కరెంటు పోతే పది కుక్కలు మూసిన గదిలో ఉన్నట్టే. జనరేటరో, ఫ్యాన్లకు సరిపడే ఇన్వర్టరో లేకపోతే ఆ ఏసీ గదికి అనుమతి ఇవ్వకూడదు.

#9 ఆస్టిన్_తెలుగు
నిప్పు గురించి ఒక పేరా విడిగా రాయండి. ఆస్టిన్ పక్కన జార్జ్‌టౌన్‌లో 2021 సెప్టెంబర్‌లో ఒక బోర్డింగ్‌లో రాత్రి మంటలు వచ్చి 75 కుక్కలు చనిపోయాయి. కాలి కాదు, పొగకు ఊపిరాడక. ఆ సమయానికి లోపల మనిషి లేడు. టెక్సస్‌లో కుక్కల్ని పుట్టించి అమ్మేవాళ్లకు రాష్ట్ర లైసెన్సు ఉంది, బోర్డింగ్‌కు లేదు. మీ 2017 నియమాల కథా అలాగే ఉంది.

ఇల్లినాయ్‌లో 2020 నుంచి షరతు ఏమిటంటే, కుక్కలు ఉన్నంతసేపూ మనిషి ఉండాలి, లేదంటే స్ప్రింక్లర్ గానీ, ఫైర్ స్టేషన్‌కు కబురు పోయే అలారం గానీ ఉండాలి. రెండింట్లో ఒకటి. కొలరాడోలో బోర్డింగ్ లైసెన్సు రాష్ట్ర వ్యవసాయ శాఖే ఇస్తుంది.

#10 కెన్నెల్_కాపు
స్ప్రింక్లర్ చిన్నవాళ్లకు మోయలేని ఖర్చు. ఫైర్ స్టేషన్‌కు కలిపే అలారం మన దగ్గర అంత తేలికగా కుదరదు. మన ఊళ్లో జీతాల లెక్కన రాత్రి మనిషే చవక. దానికి నేను ఒప్పుకుంటా. ఇద్దరు కుర్రాళ్లు వంతులవారీగా.

#11 పశువైద్యం_పక్కా
రాత్రి మనిషి నిప్పుకే కాదు. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి లోతు ఛాతీ కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే జబ్బు ఉంది. వాంతికి వచ్చినట్టు చేస్తుంది, ఏమీ రాదు. పొట్ట డప్పులా అవుతుంది, ఒకచోట నిలవదు. గంటల్లో ఆపరేషన్ కావాలి. "తెల్లారాక చూద్దాం" అంటే తెల్లారేసరికి ఉండదు. కాబట్టి రాత్రి మనిషి అంటే గేటు దగ్గర కుర్చీలో నిద్రపోయే వాచ్‌మన్ కాదు. కుక్కలున్న గదుల్లో రెండు మూడు గంటలకోసారి తిరిగి టైము వేసి సంతకం పెట్టే మనిషి. ఈ నాలుగైదు లక్షణాలు అతనికి నేర్పి ఉండాలి, బండి తాళం అతని దగ్గరుండాలి.

తిన్నాక గంటసేపు పరుగులు పెట్టించొద్దు. రోజు తిండి ఒక్కపూటే కుమ్మరించకుండా రెండు మూడు పూటలుగా పెట్టాలి.

#12 వైర్‌మ్యాన్
#9కి అనుబంధం: గదుల గడియలు తాళం లేకుండా బయటి నుంచి ఒక్క చేత్తో తెరుచుకునేవి అయి ఉండాలి. ప్రతి గది తలుపు పక్కన ఒక పట్టీ వేలాడుతూ ఉండాలి. పొగలో పట్టీలు వెతికే టైము ఉండదు. పొగ అలారం ప్రతి గదిలో, వంటగదిలో కాదు. ఏబీసీ పౌడర్ ఫైర్ సిలిండర్ తలుపు దగ్గర, గడువు తేదీ కనపడేట్టు.

#13 పట్టీ_శిక్షణ
"కేజ్ ఫ్రీ, మా దగ్గర బోనులుండవు" అని ప్రచారం చేసేవాళ్ల గురించి ఎవరూ అనలేదు. వినడానికి బాగుంటుంది. రాత్రి పదిహేను కొత్త కుక్కలు ఒకే హాల్లో, మనిషి లేకుండా, అంటే కొట్లాటకు పిలిచినట్టే. పగలు కలిసి ఆడటం వేరు, నిద్రపోయేటప్పుడు ఎవరి చోటు వాళ్లకు ఉండటం వేరు. లేచి నిలబడి, తల తగలకుండా, చుట్టూ తిరిగి, కాళ్లు చాపి పడుకునే గది ఉంటే అది శిక్ష కాదు.

డేకేర్‌లో ఎక్కువ గాయాలు ఎందుకు అవుతాయంటే:
ఒకటి, పది కిలోల లోపువాటిని, పెద్దవాటిని కలిపి వదులుతారు. పెద్ద కుక్కకు కోపం అక్కర్లేదు, చిన్నది కుయ్ మని పరిగెడితే దానిలో వేటగుణం లేస్తుంది, ఒక్క ఊపుతో అయిపోతుంది. రెండు, ఆటలో మెడ పట్టీలు తీయరు. ఒకదాని దవడ ఇంకొకదాని పట్టీలో ఇరుక్కుంటుంది, రెండూ భయంతో గింజుకుంటాయి, ఒకదానికి ఊపిరాడదు. ఆటస్థలంలో పట్టీ ఉండకూడదు, ఉంటే లాగగానే ఊడిపోయే క్లిప్పుది. మూడు, గిన్నెలు, ఎముకలు, ఇష్టమైన బొమ్మలు మధ్యలో పడేస్తారు. తిండి ఎప్పుడూ విడివిడి గదుల్లోనే.

కొత్త కుక్కను నేరుగా గుంపులోకి వదలకూడదు. ముందు ఒక నెమ్మదైన కుక్కతో, ఇద్దరికీ కొత్త చోట, తర్వాత ఇంకొకటి, అలా. మొదటి రోజు నాలుగు గంటల ట్రయల్, తర్వాత ఒక్క రాత్రి, ఆ తర్వాతే పది రోజుల బుకింగ్. మధ్యాహ్నం రెండు గంటలు అన్నీ గదుల్లో నిద్రపోవాలి. రోజంతా ఆటే అని గొప్పగా చెప్పేచోట సాయంత్రం ఐదుకు కొట్లాటలు మొదలవుతాయి, అలసిన కుక్క ఓపిక నశిస్తుంది.

#14 కెన్నెల్_కాపు
@పట్టీ_శిక్షణ ట్రయల్ రాత్రి ఉండాలని మేమూ అంటాం. కస్టమర్లు వినరు, "ఫ్లైట్ రేపే" అని గేటు దగ్గర వదిలి వెళ్తారు. ఇది నిబంధనగా వస్తే మాకే మంచిది, "సర్కారు రూలు సార్" అని చెప్పొచ్చు.

పదికి ఒక మనిషి అన్నది ఆటస్థలంలో సరే. గదుల్లో నిద్రపోతున్నప్పుడు కూడా అదే లెక్క అడగకండి.

#15 లీడ్స్_నుంచి
అక్కడా అలాగే. పదికి ఒకరు డేకేర్ లెక్క. గదుల్లో ఉంచే కెన్నెల్‌కు అది కాస్త సడలుతుంది. గుంపుగా ఆడేటప్పుడు ఒకరు, రాత్రి కాపలా ఒకరు అని విడగొట్టి రాయండి.

#16 గోదారి_గట్టు
కొట్లాట మొదలైతే విడదీయడం ఎలా? అది కూడా సిబ్బందికి నేర్పాలిగా.

#17 పట్టీ_శిక్షణ
చేత్తో మెడ పట్టుకోవడం మొదటి తప్పు, చెయ్యి పోతుంది. ప్రతి ఆటస్థలంలో ఒక ప్లైవుడ్ పలకా, నీళ్ల పైపూ సిద్ధంగా ఉండాలి. గట్టి చప్పుడు, ముఖాల మీద నీళ్లు, మధ్యలోకి పలక దించడం, ఆ వరసలో. ఇద్దరు మనుషులుంటే చెరొకదాని వెనక కాళ్లు ఎత్తి ఒకేసారి వెనక్కి. ఒక్కరే ఉంటే ఇది చేయొద్దు. విడిపోయాక పైకి చిన్న పంటిగాటులా కనిపించినా డాక్టర్‌కు చూపించాలి, కోరపన్ను చర్మం కింద కండను చీల్చి ఉంటుంది, మూడు రోజుల్లో చీము పడుతుంది.

సిబ్బందికి ముందస్తు రేబిస్ టీకాలు వేయించాలి. కరిస్తే సబ్బు, పారే నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి.

#18 పశువైద్యం_పక్కా
ఇక అంటువ్యాధులు. బోర్డింగ్‌కు అసలు పరీక్ష ఇదే.

టీకాల పుస్తకం చూస్తే చాలదు, తేదీలు చూడాలి. నిన్న టీకా వేయించి ఇవాళ తెచ్చిన కుక్కకు రక్షణ ఇంకా రాలేదు. కనీసం రెండు వారాల ముందు వేసి ఉండాలి. కుక్కపిల్లలకు ఆఖరి డోసు 16 వారాల వయసులో పడుతుంది, దాని తర్వాత ఇంకో రెండు వారాలదాకా బోర్డింగ్‌కు తీసుకోకూడదు. పుస్తకంలో సీసా స్టిక్కర్, బ్యాచ్ నంబర్, డాక్టర్ సంతకం, వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న ముద్ర, అన్నీ ఉండాలి. ఒట్టి చేతిరాత చెల్లదు.

కెన్నెల్ కాఫ్ టీకా మన దగ్గర చాలామంది వేయించరు. ముక్కులో వేసేది మూడు రోజుల నుంచి పనిచేస్తుంది. గాల్లో వచ్చే జబ్బు, 2 నుంచి 14 రోజుల్లో దగ్గు మొదలవుతుంది, దగ్గు రాకముందే పక్కవాటికి అంటించగలదు. దీన్ని తప్పనిసరి చేయాలంటాను.

విరేచనాలు పట్టించే పార్వో వైరస్ నేల మీద నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిల్‌కు చావదు. వాసన బాగుంటుంది, వైరస్ అక్కడే ఉంటుంది. 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ఒక వంతు, నీళ్లు ముప్పై వంతులు, అంటే లీటరుకు 33 ఎంఎల్. ముందు మలం ఎత్తి, సబ్బునీళ్లతో రుద్ది కడిగి, ఆ తర్వాత ఈ ద్రావణం పోసి పది నిమిషాలు తడిగా ఉంచాలి. మురికి మీద పోస్తే క్లోరిన్ ఆ మురికితోనే ఖర్చైపోతుంది. ఏ రోజు ద్రావణం ఆ రోజే కలపాలి. బాత్రూమ్ యాసిడ్‌తో కలిపితే విషవాయువు వస్తుంది, మూత్రం కడగకుండా పోసినా ఘాటు వాయువు లేస్తుంది.

జబ్బు గది విడిగా ఉండాలి: దాని మోరీ నీళ్లు మిగతా గదుల మీదుగా పారకూడదు. దానికి వేరే చీపురు, వేరే బకెట్, వేరే గిన్నెలు. సిబ్బంది ఆ గదికి అన్నిటికన్నా చివర వెళ్లాలి.

#19 కెన్నెల్_కాపు
హైపోక్లోరైట్ ఎండలో నెల ఉంటే నీళ్లే. మామూలు బ్లీచింగ్ పౌడర్‌తో కుదురుతుందా?

#20 పశువైద్యం_పక్కా
కుదురుతుంది. 30 శాతం క్లోరిన్ ఉన్న తాజా పౌడర్ అయితే లీటరుకు 5 గ్రాములు. కలిపి, తేరనిచ్చి, పై నీళ్లు వాడండి. మూత తీసిన సంచి తడి తగిలి బలం పోతుంది, డబ్బాలో గట్టిగా మూసి పెట్టాలి. కుక్కను వదిలేముందు నేలను మంచినీళ్లతో కడిగి ఆరనివ్వాలి, లేదంటే పాదాలు నాకుతుంది.

#21 మియాపూర్_మనిషి
మా దగ్గర ఎక్కువ ఫిర్యాదులు పిడుదుల గురించి. బోర్డింగ్ నుంచి వచ్చిన రెండు వారాలకు టిక్ ఫీవర్, అంటే పిడుదుల జ్వరం. వాళ్లేమో "మా దగ్గర పట్టింది కాదు" అంటారు.

#22 పశువైద్యం_పక్కా
రెండు వారాలు అన్నది సరిగ్గా సరిపోయే లెక్కే, పిడుదు కుట్టాక ఎర్లీకియా అనే ఆ జ్వరం ఒకటి నుంచి మూడు వారాల్లో వస్తుంది. ఇంట్లో పట్టిందా, అక్కడా అని తేల్చాలంటే చేరే రోజు ఒళ్లంతా చూసిన రికార్డు ఉండాలి: చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక కింద, చంకల్లో. ఓనరు, సిబ్బంది ఇద్దరి సంతకాలు. దాంతోపాటు బరువు, ఒంటి వేడి, చిగుళ్ల రంగు, నాలుగు వైపుల ఫోటోలు. వెళ్లే రోజు మళ్లీ అవే. బరువు ఐదు శాతం కన్నా తగ్గితే కారణం రాయాలి.

గోధుమరంగు పిడుదు బతుకులో ఎక్కువ భాగం కుక్క మీద కాదు, గోడ పగుళ్లలో. ఒక్క ఆడ పిడుదు వేల గుడ్లు పెడుతుంది. కాబట్టి కుక్కకు మాత్ర వేస్తే సగం పనే. పగుళ్లు సిమెంటుతో పూడ్చాలి, గోడలు నున్నగా కడగగలిగేట్టు నాలుగడుగుల దాకా టైల్స్ లేదా ఎనామిల్ పెయింట్. మందు కొట్టేటప్పుడు కుక్కలు బయట ఉండాలి, ఆరాక లోపలికి. పెర్మెత్రిన్ ఉన్న మందు పిల్లులున్న చోట వాడొద్దు, చచ్చిపోతాయి.

#23 గచ్చిబౌలి_హోమ్‌స్టే
ఇదంతా పెద్ద కెన్నెళ్లకు సరే. ఇంట్లో రెండు మూడు కుక్కల్ని పెట్టుకునేవాళ్లను కూడా టైల్స్, జబ్బు గది, రాత్రి డ్యూటీ అడిగితే అందరూ మూసేస్తారు. ముసలి కుక్కలకు, భయస్తులకు ఇల్లే మంచిది. గుంపులో అవి తిండి మానేస్తాయి. మమ్మల్ని వదిలేయండి.

#24 లా_పాయింట్
వదిలేస్తే ముప్పై కుక్కలున్నవాడు కూడా "మాది హోమ్‌స్టే" అంటాడు. ఇంగ్లండ్‌లో హోమ్ బోర్డింగ్‌కూ లైసెన్సు ఉందని పైన లీడ్స్ గారు చెప్పారు. రెండు మెట్లు పెట్టండి. నాలుగు కుక్కల దాకా: రిజిస్ట్రేషన్, టీకాల తనిఖీ, చేరిక రికార్డు, అత్యవసర పత్రం (కుక్కకు ఏమైనా అయితే ఏం చేయాలో ఓనరు రాసిచ్చేది), అంతే. నాలుగు దాటితే మొత్తం షరతులు. సంఖ్య గేటు మీద బోర్డులో కనపడాలి, పొరుగువాళ్లు లెక్కపెట్టగలగాలి.

#25 గచ్చిబౌలి_హోమ్‌స్టే
నాలుగు అయితే సమ్మతమే. అయితే ఇంటి సొంత కుక్కలు కూడా ఆ నాలుగులోనే అని రాయండి, లేకపోతే అక్కడా సందు దొరుకుతుంది.

#26 పట్టీ_శిక్షణ
తప్పిపోవడం గురించి రాయలేదు. రెండు గేట్లు, మధ్యలో చిన్న గది, ఒకటి మూశాకే రెండోది తెరవాలి. ప్రహరీ ఆరడుగులు, పైన లోపలికి వంపు, కింద వల ఒక అడుగు భూమిలోకి. గేటు దాటేటప్పుడు హార్నెస్‌కు (ఛాతీకి కట్టేది) ఒక పట్టీ, మెడకు స్లిప్ పట్టీ (లాగితే బిగిసేది), రెండూ. దీపావళి వారం రోజులు చీకటి పడ్డాక బయటికి తీయకూడదు, చప్పుడుకు పట్టీ తెంచుకుని పోతాయి. ఫామ్‌లలో పాములు, ఎలుకల మందు కూడా చూడాలి. గడ్డి కోసి ఉంచాలి, విషం పెట్టకూడదు, పాము విషానికి మందు ఉండే దగ్గరి పశువైద్యశాల ఫోను గోడ మీద ఉండాలి. పాము మందు అన్నిచోట్లా ఉండదు.

#27 ఆస్టిన్_తెలుగు
సీసీ కెమెరా సంగతి? ఫోన్లో లైవ్ చూపించాలని అడుగుదామా?

#28 కెన్నెల్_కాపు
లైవ్ వద్దు. ఓనర్లు గంటకోసారి "మా టామీ ఎందుకు పడుకున్నాడు" అని ఫోన్లు చేస్తే, సిబ్బంది ఫోన్లోనే ఉంటారు. 30 రోజుల రికార్డింగ్ దాచాలి, ఫిర్యాదు వస్తే ఇవ్వాలి. గదులు, ఆటస్థలం, గేటు. అది న్యాయం.

#29 లా_పాయింట్
కెన్నెల్_కాపు గారితో ఏకీభవిస్తున్నా. కావాల్సింది సాక్ష్యం.

ఇప్పుడు ఒప్పందపత్రం. "ఏం జరిగినా బాధ్యత మాది కాదు" అని ఒక వాక్యం అన్నిచోట్లా ఉంటుంది. దానికి భయపడకండి. డబ్బు తీసుకుని సేవ చేశాక, ఆ సేవలో లోపముంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌లో వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు.

అత్యవసర పత్రంలో ఉండాల్సినవి: మీ డాక్టర్ ఎవరు, ఆయన దొరక్కపోతే ఎక్కడికి తీసుకెళ్లాలి, మిమ్మల్ని అడగకుండా ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చు, ఉదాహరణకు 20,000, మీ ఫోను పలక్కపోతే నిర్ణయం ఎవరిది. విమానంలో ఉన్నవాళ్ల కుక్క ఆపరేషన్ "ఓనరు లైన్లో లేరు" అని ఆగిపోకూడదు. మందులుంటే పేరు, మిల్లీగ్రాములు, ఏ పూట, ఖాళీ కడుపా తిన్నాకా.

చనిపోతే: గంటలోపు కబురు, 24 గంటల్లో అధికారికి రాతపూర్వకంగా. సొంతంగా పూడ్చడం, కాల్చడం నిషేధం. శవాన్ని ఫ్రీజర్‌లో గడ్డ కట్టించకుండా ఫ్రిజ్ చల్లదనంలో, 4 డిగ్రీల దగ్గర ఉంచి, ఓనర్ కోరితే బయటి చోట పోస్ట్‌మార్టం. హైదరాబాద్ వాళ్లకు రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఉంది.

#30 పశువైద్యం_పక్కా
అవును, గడ్డ కడితే కణాలు చిట్లిపోతాయి, సూక్ష్మదర్శిని కింద ఏమీ తేలదు. ఎంత త్వరగా చేరిస్తే అంత మంచిది, ఎండాకాలంలో గంటలే లెక్క.

తిండి గురించి ఒక లైను కలపండి: ఓనరే పూటకో పొట్లంగా కట్టి ఇవ్వాలి. హఠాత్తుగా తిండి మారితే విరేచనాలు, అది పార్వోనా, తిండి మార్పా అని తేల్చుకోవడానికే ఒక రోజు పోతుంది. నీళ్లు కిలో బరువుకు రోజుకు 50 నుంచి 60 ఎంఎల్, ఎండల్లో ఇంకా ఎక్కువ. తాగకపోతే రాయాలి.

#31 మియాపూర్_మనిషి
రాసుకున్నాను. వేడి, రాత్రి మనిషి, పొగ, జబ్బు గది, చేరిక రికార్డు ముందు పేజీల్లో పెడుతున్నా, కొలతలు అనుబంధంలో. ఎవరికి పంపాలి, లా_పాయింట్ గారూ? రెండు చోట్లకా?

#32 లా_పాయింట్
రాష్ట్ర జంతు సంక్షేమ మండలికి ఒకటి, పశుసంవర్ధక శాఖ డైరెక్టర్‌కు ఒకటి, కార్పొరేషన్ వెటర్నరీ విభాగానికి ఒకటి. దానికి ముందు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ప్రశ్నలు మూడే: 2017 నియమాల కింద రాష్ట్రంలో రిజిస్టరైన బోర్డింగ్ కెన్నెళ్లు ఎన్ని, వాటిలో ఎన్నింటిని తనిఖీ చేశారు, ఎన్ని రద్దు చేశారు. వచ్చిన జవాబు ఏదైనా దాన్నే వినతిపత్రానికి మొదటి పేజీగా పెట్టండి. "ఎందుకు చేయలేదు" అని అడగొద్దు, సమాచార హక్కులో కారణాలు చెప్పరు, లెక్కలే చెబుతారు.

#33 మియాపూర్_మనిషి
దరఖాస్తు రేపే స్పీడ్ పోస్టులో వేస్తా. @లీడ్స్_నుంచి మీ దగ్గర రికార్డుల జాబితా ఉన్న పేజీ ఉంటే పెట్టండి. @కెన్నెల్_కాపు మీ చేరిక ఫారం ఖాళీది ఒకటి ఇవ్వగలరా? నమూనాగా జతచేస్తాం, మీ పేరు తీసేసి.

#34 కెన్నెల్_కాపు
ఇస్తా. పిడుదుల గడి ఒకటి లేదు అందులో, కలిపి పంపుతా.